పదకొండో రోజు

ఆప్రికాట్లు రాత్రంతా వెనిగర్‌లో నానతాయి.
తెల్లారేసరికి ఉబ్బి, నిద్ర చాలని కళ్ళలా చూస్తాయి.
ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాను ఈ బ్లాట్యాంగ్,
కేప్ టౌన్‌లో, బో-కాప్ ఏటవాలు వీధిలో,
పసుపు గోడల ఇంట్లో.
శనివారం శనివారం గుమ్మం ముందు నలభై సీసాలు.
కిలో పండుకి కిలో చక్కెర.
అది మా అత్తగారి లెక్క, ఆవిడ అత్తగారి లెక్కా అదే.
ఎందుకని ఎవరూ అడగలేదు.

మార్చిలో క్లినిక్‌లో సిస్టర్ నొంఫుండో
నా వేలు గుచ్చి, చిన్న మిషను చూసి,
"పద్నాలుగు పాయింటు రెండు, ఫాల్డీలా ఆంటీ" అంది,
బస్సు నంబరు చెప్పినట్టు.
మా వీధిలో ఆ జబ్బుకి వేరే పేరు లేదు.
చక్కెర అంటారు.
గాడీజాకి చక్కెర.
ఇమామ్ గారి తమ్ముడికి చక్కెర, కాలి వేలు తీసేశారు.
డబ్బాలో ఉన్నదానికీ అదే పేరు,
ఒంట్లో ఉన్నదానికీ అదే.

ఇప్పుడు పొయ్యి మీద రెండు గిన్నెలు.
పెద్దది లోకానికి. చిన్నది నాకు.
పెద్దదాని రుచి నేను చూడకూడదు,
మేనల్లుడు జుబైర్‌ని పిలుస్తాను.
గరిటె నాకి "బాగుంది" అంటాడు.
ఎలా బాగుందిరా? పులుపు ముందొచ్చిందా?
కారం వెనకాల ఆగిందా?
"బాగుంది అత్తా."
పంతొమ్మిదేళ్ళ నాలుక, దానికి అన్నీ బాగుంటాయి.
అందుకే చెవితో వండుతున్నాను.
పాకం ముదిరేకొద్దీ బుడగ బరువెక్కుతుంది,
టప్ మనడం మానేసి దబ్ మంటుంది.
అప్పుడు దించుతాను.

చిన్న గిన్నె సంగతి వేరు.
ఎనిమిదే ఆప్రికాట్లు, లెక్కపెట్టి.
మిగతాదంతా ఉల్లిపాయ,
సన్నసెగ మీద గంటంపావు, కదుపుతూనే ఉండాలి.
తొందరపెడితే మాడి ఊరుకుంటుంది.
ఓపిక పడితే దాచుకున్న తీపి కాస్త బయటికి తీస్తుంది,
చేబదులిచ్చే పక్కింటావిడలా, వేళ్ళ మీద లెక్కచూసుకుంటూ.
దాల్చినచెక్క, అల్లం, వేయించి నలిపిన ధనియాలు,
నాలుగు ఎండుమిరపకాయలు.
మొదటిసారి నోట్లో పెట్టుకుంటే
మా ఇంటి తలుపు ఎవరో కొత్తమనిషి తీసినట్టుంది.
ఇప్పటికీ పూర్తిగా అలవాటైందని చెప్పను.

పదహారో రోజున మూత తీస్తే
పైన తెల్లటి బూజు.
ఇంత వయసొచ్చాక అప్పుడు తెలిసింది:
ఆ కిలో చక్కెర తీపి కోసమే కాదు.
అది కాపలా.
అల్మరాలో రెండేళ్ళు కూర్చున్న సీసా దగ్గరికి
కాలాన్ని రానివ్వకుండా నిలబడింది.
జావా నుంచి ఓడల్లో కట్టేసి తెచ్చిన మా ముత్తవ్వలకి
ఏదో ఒకటి నిలవ ఉండడం ఎంత అవసరమో!
అత్తగారు పోయాక కూడా ఏడాదిపాటు
ఆవిడ చేతి సీసా తిన్నాం మేము,
అడుగున చెంచా గీరుకుంటే
ఎవరం తల ఎత్తలేదు.
నాది అలా మిగలదు.

అందుకని చిన్న సీసాలు. ఫ్రిజ్‌లో, గుడ్ల పక్కన.
చీటీ మీద నా పేరు రాయడం మానేశాను,
తేదీ రాస్తున్నాను.

పోయిన శనివారం దర్జీ గమీల్డీన్ వచ్చాడు.
ఎప్పుడూ మూడు పెద్ద సీసాలు కొనే మనిషి.
అటూ ఇటూ చూసి, సారా అడిగినట్టు గొంతు తగ్గించి,
"ఆ రెండోది ఉందా?" అన్నాడు.
ఎప్పటినుంచి?
"రంజాన్ ముందు నుంచి. మా ఆవిడకి చెప్పలేదు."
చెంచాడు ఇచ్చాను.
మొహం ముడిచాడు. "పులుపు."
కాస్సేపాగు, అన్నాను.
ఆగాడు.
కొండ మీద మధ్యాహ్నపు ఫిరంగి పేలింది.
రోజూ వినేదే, అయినా ఇద్దరం ఉలిక్కిపడ్డాం.
ఆ కుదుపుకి కారం దిగినట్టుంది,
కళ్ళు తుడుచుకుంటూ సీసా జేబులో వేసుకున్నాడు.

పది రోజుల్లో తినెయ్, అన్నాను.
"పదకొండో రోజు?"
రా.